నిద్ర లేవగానే చూసే థర్మామీటరు: ఏడాది వాడాక నా మాట

నేను కొన్నది బేసల్ థర్మామీటరు. తమ ఒంట్లో అండం ఎప్పుడు విడుదలవుతోందో తెలుసుకోవాలనుకునే ఆడవాళ్లు, తెల్లవారి మెలకువ రాగానే మంచం మీదే నోట్లో పెట్టుకొని ఉష్ణోగ్రత చూసుకునే పరికరం ఇది. ఏడాదికి పైగా వాడాను. కొనదగిన వస్తువే అని నా తీర్పు. అయితే దాన్నుంచి ఏమి ఆశించాలో, ఏమి ఆశించకూడదో ముందే తెలిసి ఉండాలి. అది తెలియకుండా మొదలుపెడితే రోజూ పొద్దున్నే మనసు పాడుచేసే వస్తువవుతుంది. నేను కొనేముందు తెలుగులో వివరంగా చెప్పినవాళ్లు ఎవరూ దొరకలేదు కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తున్నాను.

నేను తిరుపతిలో ఒక ప్రైవేటు హైస్కూల్లో లెక్కలు చెబుతాను. బైరాగిపట్టెడలో అత్తగారు, మామగారు, మా బావగారి కుటుంబం అందరం కలిసే ఉంటాం. పెళ్లయిన రెండో ఏడు నుంచి "ఏమైనా విశేషమా?" అని అడగని బంధువు లేరు. పెళ్లికి వెళ్లినా, సీమంతానికి వెళ్లినా అదే ప్రశ్న. మొక్కులు మొక్కాం, నడిచి కొండ ఎక్కాం. వాటి మీద నాకు పూర్తి నమ్మకం ఉంది. దాంతోపాటు నా ఒంట్లో ఏ నెల ఏమి జరుగుతోందో నాకు తెలియాలని కూడా గట్టిగా అనిపించింది. తలా ఒక సలహా ఇస్తుంటే వింటూ కూర్చోవడం కంటే నా లెక్క నా చేతిలో ఉండాలనుకున్నాను.

మందుల షాపులో అడిగితే ముందు జ్వరం థర్మామీటరే చేతిలో పెడతారు. నేను అడిగిన మొదటి చోట కుర్రవాడు "అన్నీ ఒకటే అక్కా" అన్నాడు. ఒకటి కావు. తేడా దశాంశాల్లో ఉంది. జ్వరం చూడటానికి 98.6, 101.4 అంటూ ఒక దశాంశ స్థానం చాలు. మనం వెతికే తేడా అంత పెద్దది కాదు. అండం విడుదలకు ముందు పొద్దుటి ఉష్ణోగ్రత సాధారణంగా 97.0 నుంచి 97.5 డిగ్రీల ఫారెన్‌హీట్ మధ్య ఉంటుంది. విడుదలయ్యాక 97.6 నుంచి 98.6 మధ్యకు చేరుతుంది. పెరిగేది 0.4 నుంచి 1 డిగ్రీ వరకు. సెల్సియస్‌లో చెప్పాలంటే 0.2 నుంచి 0.5 డిగ్రీలు మాత్రమే. ఫారెన్‌హీట్‌లో ఒక దశాంశం చూపే థర్మామీటరుతో ఎలాగో నెట్టుకురావచ్చు. సెల్సియస్‌లో ఒకే దశాంశం చూపేదైతే ఈ పనికి చాలదు. 36.4 తర్వాత 36.5 అని చూపిస్తే అది నిజంగా పెరిగిందో, ఒక అంకె అటో ఇటో సర్దుకుందో చెప్పలేం. బేసల్ థర్మామీటరు 97.34, 97.41 అని రెండు దశాంశాలు చూపుతుంది.

ఇక్కడే లెక్కల టీచరుగా ఒక మాట చెప్పాలి. తెర మీద రెండు దశాంశాలు కనిపించినంత మాత్రాన కొలత అంత కచ్చితంగా ఉన్నట్టు కాదు. కొలతలో ఎంత తేడా రావచ్చో పెట్టె మీద విడిగా రాసి ఉంటుంది. జ్వరం థర్మామీటర్లకు అది సాధారణంగా 0.1 డిగ్రీ సెల్సియస్ అటూ ఇటూ. నేను కొన్నదాని మీద 0.05 డిగ్రీ అని ఉంది. కొనేటప్పుడు ఆ అంకె చూసి కొనండి. ఇంకో సంగతి: థర్మామీటరు ఎప్పుడూ ఒకే వైపు కాస్త ఎక్కువో తక్కువో చూపినా మనకు నష్టం లేదు, ఎందుకంటే మనం చూసేది నిన్నటికీ ఇవాళ్టికీ ఉన్న తేడా. రోజుకొక తీరుగా చూపితేనే ఆ అంకెలతో గ్రాఫు మీద వేసే గీత పాడవుతుంది. నేను తెచ్చిన రోజు సాయంత్రం కదలకుండా కూర్చొని వెంటవెంటనే కొన్నిసార్లు చూసుకున్నాను. అంకెలు దగ్గరదగ్గరగానే వచ్చాయి. అందుకే ఉంచుకున్నాను. నెల మధ్యలో థర్మామీటరు మార్చకూడదని చెప్పేది కూడా ఈ కారణంతోనే.

కంపెనీ పేరు రాయడం లేదు. ఇదే ఆకారంలో, ఇవే బటన్లతో వేర్వేరు పేర్ల మీద అమ్ముతున్నారు. పేరు కంటే నేను చెప్పిన రెండు అంకెలు ముఖ్యం. చివరికి మా వీధి మలుపులో ఉన్న మందుల షాపాయన అడిగి తెప్పించి ఇచ్చాడు. ఐదు వందల లోపే అయింది.

ఈ ఉష్ణోగ్రత ఎందుకు పెరుగుతుందో తెలిస్తే ఆ అంకెల మీద అనవసరమైన ఆశా ఉండదు, భయమూ ఉండదు. అండం విడుదలైన చోట మిగిలిన పొర కార్పస్ లూటియం అనే చిన్న గ్రంథిగా మారి ప్రొజెస్టెరాన్ హార్మోన్‌ను తయారుచేస్తుంది. ఆ హార్మోన్ మెదడులో హైపోథాలమస్ అనే భాగం మీద పనిచేసి ఒంటి ఉష్ణోగ్రతను కాస్త పైకి జరుపుతుంది. గర్భం నిలవకపోతే సుమారు రెండు వారాలకు ఆ గ్రంథి కుంగిపోతుంది, ప్రొజెస్టెరాన్ తగ్గుతుంది, ఉష్ణోగ్రత దిగుతుంది, నెలసరి వస్తుంది. నిలిస్తే దిగదు. పెరిగిన ఉష్ణోగ్రత 18 రోజులు దాటినా తగ్గకుండా ఉంటే గర్భ పరీక్ష చేసుకోమంటారు. కింద కొన్నాళ్లు, పైన కొన్నాళ్లు నడిచే ఈ గీతను అండాశయాల పనితో ముడిపెట్టి 20వ శతాబ్దం తొలినాళ్లలోనే వాన్ డి వెల్డె అనే డచ్ స్త్రీల వైద్యుడు చూపాడు. 1930లలో హిల్లెబ్రాండ్ అనే జర్మన్ మతాధికారి దీన్ని కుటుంబ నియంత్రణ పద్ధతిగా వాడుకలోకి తెచ్చాడు. వందేళ్లుగా ఉన్న విద్య ఇది. మన అమ్మలకు ఎవరూ చెప్పలేదు, అంతే.

వాడే పద్ధతి చెప్పడానికి తేలిక, పాటించడానికి పట్టుదల కావాలి. కనీసం మూడు గంటలు ఏకధాటిగా నిద్రపోయి ఉండాలి. రోజూ ఇంచుమించు ఒకే వేళకు చూడాలి. లేచి కూర్చోకముందు, మంచినీళ్లు తాగకముందు, బాత్రూముకు వెళ్లకముందు, మాట్లాడకముందు చూడాలి. నేను రాత్రే థర్మామీటరును దిండు పక్కన పెట్టుకుంటాను. అలారం మోగగానే కళ్లు తెరవకుండానే చేతికి అందేటట్టు ఉండాలి. కొసను నాలుక ముందు భాగం కింద పెట్టకూడదు. బాగా లోపలికి, నాలుక మొదలు దగ్గర పక్కగా ఒక గుంటలా ఉంటుంది, అక్కడ ఆనించి పెదవులు మూయాలి. రోజూ అదే పక్క పెట్టుకోవాలి. బటన్ వెంటనే నొక్కను. నోరు మూసుకొని ఒకటి రెండు నిమిషాలు అలాగే ఉండి, కొస నోటి వెచ్చదనానికి అలవాటు పడ్డాక నొక్కుతాను. నోట్లో పెట్టగానే నొక్కితే ఒక్కోసారి ఉష్ణోగ్రత ఇంకా ఎక్కుతుండగానే బీప్ వచ్చేస్తుంది. ఈ చిన్న మార్పు చేసుకున్నాక నా గీతలో ఎగుడుదిగుళ్లు బాగా తగ్గాయి. మీరు ఏ కంపెనీది కొన్నా ఇలా చేసి చూడండి.

మొదట్లో మా అత్తమ్మ కంగారుపడ్డారు. పొద్దున్నే గదిలోంచి బీప్ వినిపిస్తోంది, బల్ల మీద థర్మామీటరు కనిపిస్తోంది. "జ్వరమా అమ్మా? రాత్రి రసం కూడా సరిగ్గా తినలేదు" అని నుదుటి మీద చెయ్యి పెట్టి చూశారు. విషయం చెప్పాను. ఆమె కాసేపు ఆలోచించి, "మా కాలంలో ఇవన్నీ ఎవరు చెప్పారు? చెప్పి ఉంటే మీ పెద్దత్త అన్ని ఆసుపత్రులు తిరిగేది కాదు" అన్నారు. ఆ రోజు నుంచి నేను లేచి బయటికి వచ్చేదాకా ఎవరూ తలుపు తట్టకుండా ఆమే చూసుకున్నారు. ఇంట్లో పెద్దవాళ్లకు దాచిపెట్టి చేయాల్సిన పని కాదిది. ఉమ్మడి కుటుంబంలో పొద్దున ఐదింటికి ఐదు నిమిషాలు కదలకుండా పడుకోవాలంటే ఎవరో ఒకరి సాయం ఉండాలి.

చుక్కలు పెట్టే పని మా ఆయనది. పరికరం చివరి కొలతను గుర్తుంచుకుంటుంది కాబట్టి ఆయన లేచాక బటన్ నొక్కి చూసి గ్రాఫు కాగితం మీద గుర్తు పెడతారు. ఫోనులో యాప్‌లు ఉన్నాయి, నాకు కాగితమే నచ్చింది. యాప్ మన గత నెలలను బట్టి ముందు ముందు ఏమి జరుగుతుందో ఊహించి రంగులు వేసి చూపిస్తుంది. మనం ఆ ఊహను నిజమని నమ్మేస్తాం. కాగితం మీద జరిగినదే ఉంటుంది. పైగా నా నెలసరి వివరాలు ఏ కంపెనీ దగ్గరో ఉండటం నాకు ఇష్టం లేదు.

రక్తస్రావం మొదలైన రోజు ఒకటో రోజు. అడ్డంగా రోజులు, నిలువుగా 97.0 నుంచి 98.8 వరకు ఉష్ణోగ్రత. గడికి 0.1 డిగ్రీ పెట్టుకుంటే గీత చదవడానికి వీలుగా ఉంటుంది. చదివే సూత్రం ఇది: వరుసగా ఆరు రోజుల అంకెలన్నిటి కంటే ఎక్కువగా, వరుసగా మూడు రోజులు అంకెలు రావాలి. ఆ మూడో అంకె వెనకటి ఆరింటిలో పెద్దదాని కంటే కనీసం 0.2 డిగ్రీల సెల్సియస్, అంటే దాదాపు 0.36 ఫారెన్‌హీట్ ఎక్కువ ఉండాలి. ఉదాహరణకు 97.20, 97.35, 97.30, 97.25, 97.40, 97.30 వచ్చాక 97.70, 97.80, 97.85 వచ్చాయనుకోండి. ఆరింటిలో పెద్దది 97.40. మూడో అంకె 97.85. తేడా 0.45. అంటే 97.70 వచ్చిన రోజుకు కాస్త ముందే అండం విడుదలై ఉంటుందని చెప్పవచ్చు. ఒక్క రోజు ఎగిరి మర్నాడు పడిపోతే అది లెక్కలోకి రాదు. మా ఆయన మొదట్లో ప్రతి ఎగుడుకూ సంబరపడేవారు. ఇప్పుడు మూడో చుక్క పడేదాకా ఏమీ మాట్లాడరు.

అసలు సంగతి ఇప్పుడు చెబుతాను. చాలామంది ఈ థర్మామీటరు కొనేది "ఇవాళ కలిస్తే గర్భం నిలుస్తుందా?" అన్న ప్రశ్నకు జవాబు కోసం. ఆ జవాబు ఇది ఇవ్వలేదు. రైలు దాటిపోయాకే రైల్వే గేటు ఎత్తినట్టు, అండం విడుదలై ప్రొజెస్టెరాన్ పెరిగాకే ఉష్ణోగ్రత పెరుగుతుంది. అండం బతికి ఉండేది 12 నుంచి 24 గంటలు. మూడు చుక్కలు చూసి నిర్ధారించుకునేసరికి ఆ నెల అవకాశం దాటిపోయి ఉంటుంది. వీర్యకణాలు మాత్రం ఐదు రోజుల వరకు గర్భాశయ మార్గంలో బతికి ఉండగలవు. అందుకే అసలు రోజులు అండం విడుదలకు ముందే ఉంటాయి. 1995లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో అలెన్ విల్‌కాక్స్ బృందం ప్రచురించిన అధ్యయనం ఈ విషయంలో చాలా పేరున్నది. గర్భం కోసం ప్రయత్నిస్తున్న 221 మంది స్త్రీలను గమనిస్తే, గర్భం నిలిచినవన్నీ అండం విడుదలైన రోజుతో ముగిసే ఆరు రోజుల కలయికల వల్లే నిలిచాయి. ఆ తర్వాతి రోజు కలయికతో ఒక్కటీ లేదు. ఉష్ణోగ్రత పెరిగిన రోజు కోసం కాచుకొని కూర్చునే జంటలు ఈ ఒక్క విషయం తెలుసుకుంటే చాలు, ఎన్నో నెలలు కలిసొస్తాయి.

ముందుగా తెలియాలంటే వేరే గుర్తులు చూడాలి. అండం విడుదల దగ్గరపడేకొద్దీ యోని స్రావం పలచబడి, పచ్చి గుడ్డు తెల్లసొనలా సాగుతుంది. అది కనిపించే రోజులే ముఖ్యమైన రోజులు. దీనికి పైసా ఖర్చు లేదు. ఎల్‌హెచ్ అనే హార్మోన్‌ను మూత్రంతో చూసే స్ట్రిప్పులు ఉన్నాయి, మందుల షాపుల్లో ఓవ్యులేషన్ కిట్ అంటే ఇస్తారు. అండం విడుదలకు సుమారు 24 నుంచి 36 గంటల ముందు ఆ హార్మోన్ ఒక్కసారిగా పెరగడాన్ని అవి పట్టుకుంటాయి. పీసీఓఎస్ అనే అండాశయాల సమస్య ఉన్నవాళ్లలో ఎల్‌హెచ్ ఎప్పుడూ కాస్త ఎక్కువే ఉండి, స్ట్రిప్పు పదేపదే తప్పుడు ఆశ చూపవచ్చు. థర్మామీటరుకు, ఈ గుర్తులకు పోటీ పెట్టనక్కరలేదు. స్రావం ముందు చెబుతుంది, థర్మామీటరు తర్వాత నిర్ధారిస్తుంది. కొన్ని నెలల కాగితాలు పక్కపక్కన పెట్టి చూస్తే మన తీరు మనకు అర్థమవుతుంది.

నా విషయంలో అర్థమైంది ఏమిటంటే, అండం విడుదలకు అందరూ చెప్పే 14వ రోజు నాకు వర్తించదు. నా చక్రం, అంటే ఒక నెలసరి మొదలు నుంచి ఇంకో నెలసరి దాకా ఉండే రోజులు, పొడుగు. నా ఉష్ణోగ్రత పెరిగేది 20వ రోజు దగ్గర. 28 రోజుల చక్రం ఉన్నవాళ్ల లెక్కను అందరికీ అంటగట్టడం వల్ల వచ్చిన చిక్కు ఇది. చక్రంలో ఎక్కువగా మారేది మొదటి సగం. అండం విడుదల నుంచి నెలసరి దాకా ఉన్న రెండో సగం చాలామందిలో 12 నుంచి 14 రోజులు ఉంటుంది.

తిరుపతిలో ఉండేవాళ్లకు ఇక్కడ ఇంకో ఉపయోగం ఉంది. దర్శనం టిక్కెట్లు నెలల ముందే తీసుకుంటాం. తీరా ఆ రోజుకు నెలసరి వస్తే బంధువులందరూ కొండకు వెళ్తుంటే మనం ఇంట్లో ఆగిపోతాం. ఉష్ణోగ్రత పెరిగిన రోజు తెలిస్తే నెలసరి ఏ రోజుకు రావచ్చో దాదాపు రెండు వారాల ముందే అంచనా ఉంటుంది. నెలల ముందు తీసుకునే టిక్కెట్టుకు ఇది పనికిరాదు గానీ, ఉన్న ఊరు కాబట్టి ఆ వారంలో ఎప్పుడు వెళ్లాలో నిర్ణయించుకోవడానికి నాకు బాగా ఉపయోగపడింది. నెలసరి వాయిదా వేసే మాత్రలు వేసుకున్న నెలలో మాత్రం ఈ గీతను అసలు నమ్మకండి. ఆ మాత్రల్లో ఉండేది ప్రొజెస్టెరాన్ లాంటి మందే. అది గీతను తనంతట తానే మార్చేస్తుంది. గర్భం కోసం ప్రయత్నిస్తున్నవాళ్లు డాక్టరును అడగకుండా ఆ మాత్రలు మింగకూడదని కూడా చెప్పాలి.

గీతను పాడుచేసేవి ఇంకా చాలా ఉన్నాయి. జ్వరం, జలుబుతో నోరు తెరిచి నిద్రపోవడం, రాత్రి ప్రయాణం, సరిగ్గా నిద్ర పట్టకపోవడం, మద్యం. సుప్రభాత సేవకని అర్ధరాత్రి లేచి కొండకు బయలుదేరిన రోజున చూసిన అంకెకు విలువ లేదు. ధనుర్మాసంలో గుడి మైకులో తిరుప్పావై మొదలుకాగానే మెలకువ వచ్చేస్తుంది, రోజూ చూసే వేళకు ముందే చూడాల్సి వస్తుంది. తొందరగా చూస్తే అంకె కాస్త తక్కువగా, ఆలస్యంగా చూస్తే కాస్త ఎక్కువగా వస్తుంది. రోహిణి కార్తెలో రాత్రి కరెంటు పోయి ఫ్యాను ఆగితే నిద్రే ఉండదు. అలాంటి రోజుల చుక్క చుట్టూ సున్నా చుట్టి పక్కన కారణం రాస్తాం. నెలలో కొన్ని రోజులు పోయినా గీత తెలుస్తుంది. పోయిన రోజు గురించి బెంగపెట్టుకోనక్కరలేదు.

అయితే రోజూ అలాగే ఉండేవాళ్లు కూడా ఉన్నారు. మా తోడికోడలు స్టాఫ్ నర్సు. ఒక వారం పగటి డ్యూటీ, ఒక వారం రాత్రి డ్యూటీ. తనకూ రెండో బిడ్డ కావాలని ఉండి నా థర్మామీటరు చూసి తనూ ఒకటి కొనుక్కుంది. గీత ఎక్కడా నిలబడలేదు. "నా నిద్రకే వేళ లేదు, దీనికి వేళ ఎక్కడి నుంచి తెచ్చేది?" అంది. అది పరికరం లోపం కాదు, తన లోపమూ కాదు. రాత్రి డ్యూటీ చేసే నర్సులకు, బస్సు కండక్టర్లకు, పసిబిడ్డకు రాత్రుళ్లు పాలిచ్చే తల్లులకు ఈ పద్ధతి పట్టదు. తనకు నేను చెప్పింది స్ట్రిప్పులు వాడమని, స్రావం గమనించుకోమని. ఆ ఐదు వందలు వాటి మీద పెట్టి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాం.

వైద్యశాస్త్రం దీన్ని నెత్తిన పెట్టుకుందని కూడా అనుకోకండి. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ 2013 నాటి సంతానలేమి మార్గదర్శకాల్లో, ఉష్ణోగ్రత పటాలు అండం విడుదలను నమ్మకంగా చెప్పలేవనీ, వాటిని వాడమని సిఫారసు చేయబోమనీ స్పష్టంగా రాసింది. కొందరిలో అండం విడుదలైనా గీతలో పెరుగుదల కనిపించదు. కాబట్టి గీత పెరగనంత మాత్రాన అండం రాలేదని ఏడవకూడదు. అలాంటప్పుడు స్కానింగు, రక్తపరీక్ష చెప్పే మాటే ప్రమాణం.

మరి నేను ఎందుకు కొనమంటున్నాను? మా డాక్టరమ్మ దగ్గర జరిగింది చెబుతాను. కాగితాల కట్ట ఆమె ముందు పెట్టాను. "దీన్ని చూసి మందు రాయను" అని ముందే చెప్పారు. కానీ పక్కన పడేయలేదు. ఒక్కో కాగితం తిప్పి, పెన్నుతో ఉష్ణోగ్రత పెరిగిన రోజు నుంచి నెలసరి వచ్చిన రోజు దాకా గడులు లెక్కపెట్టారు. రెండో సగం నాకు కొంచెం పొట్టిగా ఉందన్నారు. అదొక్కటే పిల్లలు పుట్టకపోవడానికి కారణమని రుజువు కాలేదనీ, కానీ థైరాయిడ్, ప్రొలాక్టిన్ హార్మోన్ల పరీక్షలు చేయించడానికి అది తగిన కారణమేననీ చెప్పారు. థైరాయిడ్‌లో తేడా బయటపడింది. మాత్ర మొదలుపెట్టాను.

అంతకంటే విలువైనది ఇంకొకటి. అండం విడుదలైందా లేదా అని నిర్ధారించడానికి ప్రొజెస్టెరాన్ రక్తపరీక్ష ఉంది. చాలాచోట్ల దాన్ని 21వ రోజు పరీక్ష అనే పిలుస్తారు. అది 28 రోజుల చక్రానికి పెట్టిన లెక్క. అండం విడుదలైన సుమారు వారానికి, నెలసరికి వారం ముందు చేయాల్సిన పరీక్ష అది. 20వ రోజు దగ్గర అండం విడుదలయ్యే నాకు 21వ రోజున రక్తం తీస్తే ప్రొజెస్టెరాన్ ఎలా కనిపిస్తుంది? అండమే రావడం లేదని కాగితం మీద పడేది, దాని వెనక మందులు వచ్చేవి. మా డాక్టరమ్మ గీత చూసి, నాకు 27వ రోజు దగ్గర రక్తం ఇవ్వమని రాశారు. ఫలితం బాగానే వచ్చింది. ఆ ఒక్క తేదీ సరిగ్గా రావడంతోనే ఈ థర్మామీటరు ఖరీదు నాకు తీరిపోయింది.

ఆమే మా ఆయనకు వీర్యపరీక్ష కూడా రాశారు. దీని గురించి గట్టిగా చెప్పాలనుకుంటున్నాను. పిల్లలు కలగని జంటల్లో దాదాపు సగం మందిలో మగవారి వైపు కారణం కూడా ఉంటుంది. అయినా ఆడది నెలల తరబడి నోట్లో థర్మామీటరు పెట్టుకుంటుంది, సూదులు పొడిపించుకుంటుంది, మగవాడి పరీక్ష చివరికి గుర్తొస్తుంది. అది ఒక పూట పని. రెండు నుంచి ఏడు రోజులు కలయిక లేకుండా ఉండి నమూనా ఇస్తే చాలు. థర్మామీటరు కొనే రోజునే ఆ పరీక్ష కూడా చేయించుకోండి. వయసు 35 లోపు ఉంటే ఏడాది ప్రయత్నించి, 35 దాటితే ఆరు నెలలకే డాక్టరును కలవాలి. నెలసరి సక్రమంగా రానివాళ్లు అంతకాలం కూడా ఆగకూడదు. గీతలు గీసుకుంటూ ఆ గడువు దాటబెట్టవద్దు.

మాకు ఇంకా నెల తప్పలేదు. థైరాయిడ్ మాత్ర వేసుకుంటూ, డాక్టరు చెప్పినట్టు నడుచుకుంటున్నాం. థర్మామీటరు కొన్నాను కాబట్టి కడుపు పండింది అని రాసేవాళ్లను చూస్తే నాకు బాధ కలుగుతుంది. అది చదివి కొని, ఫలితం రాక తమనే తప్పుపట్టుకునే అమ్మాయిలు ఎంతమందో.

బిడ్డకూ బిడ్డకూ ఎడం కోసం దీన్ని వాడదామనుకునేవాళ్లకు: ఒంటి గుర్తుల మీద ఆధారపడే పద్ధతులను మామూలుగా అందరూ వాడే తీరులో వాడితే, పద్ధతిని బట్టి ఏడాదిలో వందలో 2 నుంచి 23 మందికి గర్భం వస్తుందని అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ చెబుతోంది. కాపర్ టీ అయితే వందలో ఒకరి కంటే తక్కువ. ఉష్ణోగ్రత ఒక్కదాన్నే నమ్ముకొని ధైర్యంగా ఉండకండి.

ఇక పరికరం మంచిచెడ్డలు. బరువు లేదు, కొస మెత్తగా వంగుతుంది, చీకట్లో తెర వెలుగుతుంది. బీప్ మాత్రం గట్టిగా ఉంది, పక్క గదిలోకి వినిపిస్తుంది. తగ్గించుకునే వీలు లేదు. చివరి కొలత ఒక్కటే గుర్తుంచుకుంటుంది కాబట్టి ఆ రోజే రాసుకోవాలి. బ్యాటరీ గుండీ అంత ఉంటుంది, నాది ఇంకా మార్చాల్సిన అవసరం రాలేదు. వేడినీళ్లతో కడగకూడదు, చల్లని నీళ్లు, కాస్త సబ్బు చాలు. మే నెల ఎండలో పడమటి కిటికీ గట్టు మీద పెట్టవద్దు. నేను పగలంతా బీరువాలో ఉంచుతాను.

నాకు అసలు నచ్చనిది లోపల పెట్టిన కరపత్రం. చీమల్లాంటి అక్షరాలతో ఇంగ్లీషులో ఉంది. ఎంతసేపు నోట్లో ఉంచాలో, ఆరు రోజులు మూడు రోజుల లెక్క ఏమిటో అందులో లేవు. ఆరోగ్యానికి సంబంధించిన వస్తువును మన ఊళ్లో అమ్ముతూ మన భాషలో నాలుగు మాటలు రాయకపోవడం అన్యాయం. మా తోడికోడలి కోసం అన్నీ తెలుగులో ఒక పేజీలో రాసిచ్చాను: ఎప్పుడు చూడాలి, ఎక్కడ ఆనించాలి, గీత ఎలా చదవాలి, ఎవరు వాడకూడదు, డాక్టరు దగ్గరికి ఎప్పుడు వెళ్లాలి. కింద ఖాళీ గ్రాఫు గడులు కూడా గీశాను. మా మందుల షాపాయన అది చూసి ఒక ప్రతి అడిగి తీసుకున్నారు. ఇకనుంచి ఈ థర్మామీటరు అడిగినవాళ్లకు జిరాక్సు తీసి పెట్టెతో పాటు ఇస్తానన్నారు.